మూలపడ్డ ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్‌ను ఆసుపత్రిలో మళ్ళీ పనిచేయించడం ఎలా?

అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం, పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది. "కోవిడ్ టైములో మా ఊరి ఆసుపత్రికి దాతలు ఇచ్చిన ఆక్సిజన్ మిషన్లు స్టోర్ రూములో పడి ఉన్నాయండి. మాలో ఒక ఎలక్ట్రీషియన్, పాలిటెక్నిక్ చదివే కుర్రాళ్ళు ఇద్దరు ఉన్నారు. మేం బాగుచేయొచ్చా?"

చేయొచ్చు. ఫిల్టర్లు మూసుకుపోయో, గొట్టం ఊడిపోయో, సీసా మూత పగిలో పక్కన పెట్టేసిన మిషన్లు బోలెడు ఉంటాయి. వాటిని వాలంటీర్లు నిక్షేపంగా లేపగలరు. కానీ ఈ మిషన్ ఆన్ అయినంత మాత్రాన బాగైనట్టు కాదు. లోపలి పదార్థం చెడిపోయినా కంప్రెసర్ తిరుగుతుంది, గొట్టంలోంచి గాలి వస్తుంది, సీసాలో బుడగలు లేస్తాయి. వచ్చేది మాత్రం మామూలు గాలికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పూర్తిగా ఆగిపోయిన మిషన్ అయితే నర్సు వెంటనే సిలిండర్ తెప్పిస్తుంది. ఇది తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, ఆయాసపడే మనిషికి ఆక్సిజన్ అందదు. అందుకే ఇక్కడ విప్పడం, బిగించడం కన్నా కొలవడం గురించే ఎక్కువ రాస్తున్నాను.

మిషన్ చేసే పని క్లుప్తంగా ఇది. గదిలోని గాలిలో 21 శాతం ఆక్సిజన్, 78 శాతం నైట్రోజన్ ఉంటాయి. కంప్రెసర్ ఆ గాలిని ఒత్తిడితో జియోలైట్ గుళికలు నింపిన రెండు గొట్టాల్లోకి మార్చి మార్చి పంపుతుంది. గుళికలు నైట్రోజన్‌ను పట్టుకుంటాయి, ఆక్సిజన్ ముందుకు పోతుంది. ఒక గొట్టం పనిచేస్తుంటే రెండోది పట్టుకున్న నైట్రోజన్‌ను బయటికి వదిలేస్తుంది. మంచి మిషన్ 90 నుంచి 96 శాతం దాకా ఆక్సిజన్ ఇస్తుంది. 82 శాతం కన్నా తగ్గితే రోగికి పెట్టకూడదు.

చేయి వేసే ముందు అనుమతి

సూపరింటెండెంట్ గారి దగ్గర, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) అయితే మెడికల్ ఆఫీసర్ గారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. "చూడండి బాబూ" అన్న నోటిమాట సరిపోదు. ఏ మిషన్, సీరియల్ నంబర్ ఎంత, ఏ స్థితిలో మీకిచ్చారు అన్నవి కాగితం మీద ఉండాలి.

ఆ మిషన్ మెయింటెనెన్స్ కాంట్రాక్టులో ఉందేమో కూడా అడగండి. ప్రభుత్వ ఆసుపత్రుల పరికరాలను బాగుచేయడానికి జాతీయ ఆరోగ్య మిషన్ కింద 2015లో ఒక కార్యక్రమం మొదలైంది. జిల్లా ఆసుపత్రుల్లో 95 శాతం, సీహెచ్‌సీల్లో (సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో) 90 శాతం, పీహెచ్‌సీల్లో 80 శాతం సమయం పరికరాలు పనిచేసే స్థితిలో ఉండాలని దాని లక్ష్యం. మీ మిషన్ ఆ జాబితాలో ఉంటే మీరు విప్పకండి. ఫిర్యాదు నమోదు చేయించి, మెకానిక్ వచ్చేదాకా వెంటపడండి. అదీ సేవే. దాతలిచ్చిన మిషన్లు మాత్రం కొన్నిసార్లు స్టాక్ రిజిస్టర్‌కే ఎక్కవు. రిజిస్టర్‌లో లేనిది కాంట్రాక్టు జాబితాలోకీ పోదు. అలాంటిది కనబడితే ముందు రిజిస్టర్‌లో ఎక్కించమని ఫార్మసిస్ట్ గారిని అడగండి. "కండెమ్" (ఇక పనికిరాదు) అని రాసినదాన్ని ఆ రాత రద్దు కాకుండా ముట్టుకోవద్దు.

వెంటిలేటర్, అనస్థీషియా మిషన్, డీఫిబ్రిలేటర్, ఎక్స్‌రే, ఆటోక్లేవ్, ఇవి మీ పని కాదు. డీఫిబ్రిలేటర్ కెపాసిటర్ ప్లగ్ తీసేశాక కూడా ప్రాణం తీయగలదు. "అది కూడా ఒకసారి చూడండి" అని ఎవరు బతిమాలినా బయోమెడికల్ ఇంజినీర్‌కే వదిలేయండి.

కావలసినవి

- ఆక్సిజన్ ఎనలైజర్, అంటే వచ్చే గాలిలో ఆక్సిజన్ శాతం కొలిచే పరికరం. ఇది లేకుండా పని మొదలుపెట్టవద్దు. కాన్సన్‌ట్రేటర్ల కోసమే వచ్చే అల్ట్రాసోనిక్ రకం చేతిలో ఇమిడిపోతుంది, ఫ్లో (నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తోందో) కూడా చూపిస్తుంది. లోపల సెన్సార్ సెల్ ఉండే రకమైతే సెల్‌కు కాలం తీరిందేమో చూసుకోండి. కొనలేకపోతే కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు లాంటి చోట్ల ఆక్సిజన్ మిషన్లు అద్దెకిచ్చే దుకాణాల్లో, పెద్దాసుపత్రుల్లోని బయోమెడికల్ వాళ్ళ దగ్గర ఒక పూటకు అడిగి చూడండి.
- కెపాసిటర్ విలువ (కెపాసిటెన్స్) కూడా కొలిచే మల్టీమీటర్.
- స్క్రూడ్రైవర్లు, నక్షత్రం ఆకారం బిట్లతో సహా. చాలా కంపెనీలు ఆ స్క్రూలే వాడతాయి.
- మెత్తటి పెయింటు బ్రష్, చిన్న బ్లోయర్, సబ్బు నీళ్ళు, కేబుల్ టైలు, టెఫ్లాన్ టేపు.
- కొత్త నేసల్ కాన్యులా (ముక్కుకు పెట్టే గొట్టం), ఆక్సిజన్‌కు తేమ పట్టించే కొత్త నీళ్ళ సీసా, ఆ మోడల్‌కు సరిపడే ఫిల్టర్లు. వాడేసిన కాన్యులాను కడిగి మళ్ళీ పెట్టకూడదు.
- 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్, దానికి ఇన్సులేషన్ ఉన్న రెండు వైర్లు. కెపాసిటర్‌లో మిగిలిన కరెంటు దించడానికి.
- మాస్కు, గ్లవ్స్, ఒక నోట్‌బుక్కు, సెల్‌ఫోన్ కెమెరా.

నూనె, గ్రీజు, డబ్ల్యూడీ-40 లాంటివి సంచిలోంచే తీసేయండి. ఆక్సిజన్ వెళ్ళే దారిలో ఏ జిడ్డు తగిలినా మంట ప్రమాదం. మోటార్ల పనిలో బిగుసుకున్న చోటల్లా నూనె చుక్క వేసే అలవాటు ఉంటుంది, కాబట్టి పని మొదలెట్టే ముందు జట్టులో అందరికీ ఈ మాట చెప్పండి. పక్కన బీడీ, అగరుబత్తి, దీపం ఉండకూడదు.

మీ జట్టులో రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు బాగుచేసే మెకానిక్ ఉంటే చాలా మేలు. మోటారు, కెపాసిటర్, స్టార్టింగ్ సమస్యలు ఆయనకు కొట్టిన పిండి. ఆయన దగ్గరి డీవో మీటరు మాత్రం ఈ పనికి రాదు. అది నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది, దీన్నుంచి వచ్చే గాలిలో శాతం చెప్పలేదు.

1. లేబుల్ చదవండి

ప్లగ్ పెట్టకముందే మిషన్ వెనక ఉన్న లేబుల్ ఫోటో తీయండి. వోల్టులు, హెర్ట్జ్‌లు, నిమిషానికి ఎన్ని లీటర్లు అన్న మూడూ రాసుకోండి. మిషన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు ఉంటే అది కూడా.

230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉంటే సరే. 115 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటే ఆగండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ప్రేమతో పంపినవాటిలో ఇలాంటివి ఉంటాయి. నేరుగా మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ సరిపోతుంది గానీ హెర్ట్జ్ మారదు. మోటారు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, వేడెక్కుతుంది, ఆక్సిజన్ శాతం కూడా పడిపోవచ్చు. 50 హెర్ట్జ్‌కు కూడా పనికొస్తుందని లేబుల్ మీద స్పష్టంగా ఉంటే తప్ప దాన్ని వార్డుకు ఇవ్వకండి, విడిభాగాలకు ఉంచండి.

వరద నీళ్ళలో మునిగిన మిషన్‌నూ ఇక్కడే పక్కన పెట్టండి. 2022 జులై వరదలాంటిది వచ్చినప్పుడు నేల మీద ఉన్న పరికరాలే ముందు పోతాయి. బయట తుడిస్తే కొత్తదానిలా కనిపించొచ్చు, లోపలి గుళికల్లోకి, బేరింగుల్లోకి వెళ్ళిన ఒండ్రు నీరు మాత్రం పోదు.

2. ఆసుపత్రి కరెంటు చూడండి

మిషన్ పెట్టే ప్లగ్గులో ఫేజు, న్యూట్రల్ మధ్య 230 దగ్గర రావాలి. ఫేజు, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య నాలుగైదు వోల్టుల కన్నా ఎక్కువ వస్తుంటే ఎర్తింగ్ బాగుచేయించాకే ముందుకెళ్ళండి. ఎర్త్ పిన్ను విరిచేసిన ప్లగ్గు కనబడితే మార్చేయండి.

ఈ కొలత ఉదయం ఒకసారి, చెరువుల మీద మోటార్లన్నీ నడిచే రాత్రివేళ ఒకసారి తీసుకోండి. పగలు 230 ఉన్న చోట రాత్రి బాగా పడిపోవచ్చు. అలాంటి చోట 5 లీటర్ల మిషన్‌కు 1 కేవీఏ, 10 లీటర్లదానికి 2 కేవీఏ స్టెబిలైజర్ పెట్టించండి. ఇన్వర్టర్ మీద నడపాలంటే ప్యూర్ సైన్ వేవ్‌దే కావాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మోటారు వేడెక్కి గోల చేస్తుంది.

3. విప్పకుండా చేసే పనులు

మాస్కు, గ్లవ్స్ వేసుకుని మిషన్‌ను ఆరుబయటికి తెచ్చి దుమ్ము దులపండి. పక్కన ఉండే స్పాంజి ఫిల్టర్‌ను సబ్బు నీళ్ళతో కడిగి, పిండి, పూర్తిగా ఆరనివ్వండి. మండపేట, రామచంద్రపురం వైపు రైసుమిల్లుల దగ్గర ఆసుపత్రుల్లో ఊక బూడిద ఈ స్పాంజిని తొందరగా మూసేస్తుంది. తడిగా ఉండగా పెట్టకండి, ఆ చెమ్మ నేరుగా లోపలికి పోతుంది. లోపలుండే ఇన్‌టేక్ ఫిల్టర్, బ్యాక్టీరియా ఫిల్టర్ కడిగేవి కావు. నల్లబడితే మార్చాల్సిందే.

తర్వాత నీళ్ళ సీసా. ఎక్కువ మిషన్లు ఇక్కడే దొరికిపోతాయి. సీసా మూత చిట్లినా, మర వంకరగా పట్టినా ఆక్సిజన్ అక్కడే బయటికి పోతుంది. సీసా బిగించి మిషన్ ఆన్ చేసి, కాన్యులా గొట్టాన్ని వేళ్ళతో గట్టిగా మడిచి పట్టుకోండి. ఫ్లో మీటరులోని బంతి కిందికి దిగిపోవాలి, కాసేపటికి సీసా సేఫ్టీ వాల్వ్ ఈల వేయాలి. బంతి దిగకపోతే మీటరుకూ మీ వేళ్ళకూ మధ్య ఎక్కడో లీకు ఉంది. సీసా తీసేసి నేరుగా గొట్టం పెట్టి మళ్ళీ చూస్తే, లీకు సీసాదా కాదా అన్నది తేలిపోతుంది.

ప్లగ్ తీసి స్విచ్ ఆన్ చేయండి. చాలా మోడళ్ళలో కరెంటు పోయిన అలారం మోగాలి. మోగకపోతే అలారం బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. కొన్నింటిలో మామూలు 9 వోల్టుల బ్యాటరీయే ఉంటుంది. మిషన్ అసలు ఆన్ కాకపోతే బ్రేకర్ రీసెట్ బటన్ నొక్కి చూడండి. ఒకసారి నొక్కాక మళ్ళీ పడిపోతే పదే పదే నొక్కకండి, లోపల షార్ట్ ఉన్నట్టు.

4. ఆక్సిజన్ కొలవండి

ముందు ఎనలైజర్‌ను బయటి గాలిలో చూడండి, 21కి దగ్గరగా రావాలి. సెల్ రకమైతే ఆసుపత్రి సిలిండర్ ఆక్సిజన్ మీద కూడా చూడండి. రెండూ సరిగ్గా వస్తేనే దాన్ని నమ్మండి.

మిషన్‌కు నీళ్ళ సీసా తీసేయండి. తేమ గాలి ఎనలైజర్‌కు పడదు, లెక్కా తప్పుతుంది. ఫ్లోను మిషన్ ఇవ్వగలిగిన గరిష్ఠానికి పెట్టండి, 5 లీటర్లదైతే 5కే. బంతి నడిమధ్య గీతను కంటికి సమాన ఎత్తులో చూసి చదవాలి. పైనుంచి వంగి చూస్తే తేడా వస్తుంది. 30 నిమిషాలు నడిచాక అంకె రాసుకోండి. ఆన్ చేసిన వెంటనే వచ్చే అంకెకు విలువ లేదు.

90 శాతం, ఆపైన వస్తే ఆరో అంచెకు వెళ్ళిపోండి. 82కూ 90కీ మధ్య వస్తే ఫిల్టరు, లీకు, వోల్టేజీల్లో ఏదో ఒకటి ఉండే అవకాశం ఎక్కువ, ఐదో అంచె చేయండి. 82 కన్నా తక్కువైతే మిషన్ మీద "రోగులకు వాడవద్దు" అని పెద్ద అక్షరాలతో ఇప్పుడే అతికించండి, తర్వాతే మిగతా పని. మీరు టీ తాగొచ్చేలోపు ఎవరో వార్డులోకి తీసుకుపోవచ్చు.

ఈ అంచెలో తప్పులు ఇలా జరుగుతాయి:

ఒకటి, తక్కువ ఫ్లోలో కొలవడం. గుళికలు సగం చచ్చిన మిషన్ కూడా 1 లీటరు దగ్గర 93 చూపించి, 5 లీటర్ల దగ్గర 70కి పడిపోవచ్చు. మంచి అంకె వచ్చిందని సంతోషపడే ముందు ఫ్లో ఎంతలో ఉందో చూడండి.

రెండు, కాన్యులా మీరే ముక్కుకు పెట్టుకుని వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలించి చూడటం. ఆరోగ్యంగా ఉన్న మనిషికి మామూలు గాలిలోనే 97, 98 ఉంటుంది. అది మిషన్ గురించి ఏమీ చెప్పదు.

మూడు, గ్లాసులో నీళ్ళు పోసి గొట్టం ముంచి బుడగలు చూడటం. గాలి వస్తోందని మాత్రమే దానివల్ల తెలుస్తుంది.

నాలుగు, గొట్టం ముందు అగ్గిపుల్ల వెలిగించి చూడటం. ఎవరు చెప్పినా చేయకండి. శాతం తెలియదు సరికదా, గొట్టం, బట్టలు అంటుకుంటాయి.

ఐదు, మిషన్ మీదున్న పచ్చ లైటును నమ్మడం. కొన్ని మోడళ్ళలో ఆక్సిజన్ సెన్సారే ఉండదు, పచ్చ లైటు కరెంటు ఉందని మాత్రమే చెబుతుంది.

5. విప్పి చూడండి

ప్లగ్ తీసి, తీసిన ప్లగ్గు మీ కళ్ళ ముందు ఉండేలా పెట్టుకోండి. కవరు తీశాక కంప్రెసర్ కెపాసిటర్ రెండు కొసలకూ రెసిస్టర్ కాసేపు తాకించి, మీటరుతో సున్నా వచ్చిందని చూడండి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పుమనిపించే పద్ధతి వద్దు. ఏదైనా కదిపే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి. ఒకేలా కనిపించే గొట్టాలు అటూ ఇటూ మారితే వాల్వులు తిరగబడతాయి.

ఎలకలు కొరికిన గొట్టాలు, బల్లులు పడి షార్ట్ అయిన బోర్డులు, కందిరీగలు మట్టితో మూసేసిన గాలి దారులు, ఉప్పుగాలికి పచ్చబడ్డ కనెక్టర్లు, మన దగ్గర తరచూ కనిపించేవి ఇవి. దుమ్మును బ్రష్‌తో, బ్లోయర్‌తో తీయండి. ఫ్యాను చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి.

కంప్రెసర్ హుమ్మని మూలుగుతూ తిరగకపోతే ముందు కెపాసిటర్‌ను అనుమానించండి. మీటరులో కొలిచి, దాని మీద రాసిన మైక్రోఫ్యారడ్‌కు బాగా తక్కువ వస్తే మార్చండి. ఏసీ, మోటారు సామాన్లు అమ్మే దుకాణంలో దొరుకుతుంది. మైక్రోఫ్యారడ్ అంతే ఉండాలి, వోల్టేజీ అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు. "ఇంచుమించు సరిపోతుంది లెండి" అని దుకాణంవాళ్ళు ఇచ్చేది తీసుకోకండి.

లీకు వెతకాలంటే కవరు లేకుండా మిషన్ నడపాలి. ఇది కరెంటు పని తెలిసిన పెద్దవాళ్ళు మాత్రమే చేయాలి, ఒకరు స్విచ్ దగ్గరే నిలబడాలి. బ్రష్‌తో కొద్దిగా సబ్బు నీళ్ళు గొట్టాల అతుకుల మీద మాత్రమే రాయండి, బోర్డు, మోటారు వైపు చుక్క పడకూడదు. బుడగ వచ్చిన చోట గొట్టం కొస కత్తిరించి మళ్ళీ బిగించి, కేబుల్ టై వేయండి. చెవి పెట్టి వింటే వాల్వు మారుతున్న చప్పుడు, నైట్రోజన్ వదిలే "పుస్" శబ్దం కొన్ని సెకన్లకొకసారి క్రమం తప్పకుండా రావాలి. ఒకవైపే వస్తుంటే వాల్వు గానీ, దాన్ని నడిపే బోర్డు గానీ పాడైనట్టు.

అన్నీ సరిచేసి, ఫిల్టర్లు మార్చి, వోల్టేజీ చూసి కొలిచినా 82 దాటలేదంటే గుళికలు పోయినట్టే. వర్షాకాలంలో మూత తీసి పెట్టిన ఉప్పులాగా అవి చెమ్మ పీల్చేసుకుంటాయి. నడవకుండా పడి ఉన్న మిషన్లలో జరిగేది ఇదే. ఎండలో పోసి ఆరబెట్టడం, ఇంట్లో వేయించడం, ఆన్‌లైన్‌లో గుళికలు తెప్పించి పోయడం చేయకండి. గాలి తగిలిన క్షణం నుంచీ మళ్ళీ చెమ్మ పడుతుంది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే హాని. ఆ మోడల్‌కు సీలు వేసి వచ్చే సీవ్ బెడ్‌ల (గుళికలు నింపిన గొట్టాల) జతను తెప్పించి రెండూ ఒకేసారి మార్చాలి. ధర కనుక్కుని, ఆసుపత్రి అభివృద్ధి సంఘం ముందు పెట్టండి. ఒకే మోడల్‌వి రెండు మూడు ఉంటే, మంచి గుళికలు ఉన్నదానికి మంచి కంప్రెసర్ కలిపి ఒక మిషన్‌ను నిలబెట్టడం ఇంకో దారి.

6. చివరి పరీక్ష

కవరు బిగించి, గరిష్ఠ ఫ్లోలో కనీసం రెండు గంటలు నడపండి. అరగంటకొకసారి శాతం రాయండి. మొదట 93 వచ్చి రెండో గంటకు 85కు జారిపోతుంటే అది బాగుపడలేదు, వేడెక్కుతోంది. ఇంకోసారి గొట్టం మడిచి చూడండి, ఇంకోసారి ప్లగ్ పీకి అలారం వినండి. మిషన్ లోహపు భాగానికీ ప్లగ్గు ఎర్త్ పిన్నుకూ మధ్య కంటిన్యూటీ ఉందో చూడండి. బయటంతా తుడవడానికి ఏ మందు వాడాలో స్టాఫ్ నర్సు చెప్పినట్టే చేయండి.

7. అప్పగించేటప్పుడు

మిషన్ మీద స్టిక్కర్ వేయండి: తేదీ, ఎన్ని లీటర్ల దగ్గర ఎంత శాతం, ఏం మార్చారు, మళ్ళీ ఎప్పుడు కొలవాలి. మూడు నెలలకొకసారి కొలిస్తే మంచిది. రోగికి పెట్టవచ్చా లేదా అన్న సంతకం మీది కాదు, డాక్టరు గారిది. మీరు అంకెలు ఇవ్వండి.

వార్డులో నర్సమ్మలను, ఆయమ్మలను నిలబెట్టి చేసి చూపించండి. గోడకు అడుగు దూరంలో పెట్టాలి, పైన దుప్పటి కప్పకూడదు. స్పాంజిని వారానికొకసారి కడగాలి. సీసాలో డిస్టిల్డ్ వాటర్ గానీ, కాచి చల్లార్చిన నీళ్ళు గానీ పోసి రోజూ మార్చాలి. తీరం వైపు ఊళ్ళలో బోరు నీళ్ళు పోస్తే ఉప్పు పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి. కరెంటు పోతే మిషన్ ఆగిపోతుంది కాబట్టి నిండు సిలిండర్ ఒకటి పక్కనే ఉండాలి.

రోగులు లేరని మళ్ళీ స్టోర్ రూముకు పంపితే నెలకొకసారైనా కొన్ని గంటలు నడపమని చెప్పండి, ఆ బాధ్యత ఒకరి పేరు మీద రాయించండి. లంకల దగ్గరి ఆసుపత్రి అయితే మిషన్‌ను నేల మీద కాకుండా గట్టు మీదో స్టాండు మీదో పెట్టించండి. నెల తిరిగాక మీరే ఎనలైజర్‌తో వెళ్ళి అదే ఫ్లోలో మళ్ళీ కొలవండి. స్టిక్కర్ మీది అంకెకూ కొత్త అంకెకూ మూడు, నాలుగు శాతం కన్నా ఎక్కువ తేడా ఉంటే మిషన్‌ను వార్డులోంచి తీసి, మూడో అంచె నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.